చక్రాల మీద ఇల్లు కొంటున్నారా? ముందు కాగితం చూడండి!

క్యారవాన్ అనగానే మనకు షూటింగు స్పాటులో చెట్టు నీడన ఆగి ఉండే సినిమా తారల బండి గుర్తొస్తుంది. కాస్త వయసున్నవారికైతే 1982లో ఎన్.టి. రామారావు ఊరూరా తిరిగిన చైతన్యరథం కళ్లముందు కదులుతుంది. పాత షెవర్లే వ్యానుకు మార్పులు చేయించి తయారుచేసిన ఆ బండి మీదనుంచే ప్రసంగాలు, ఆ బండిలోనే విశ్రాంతి! ఎన్నికలయ్యేదాకా ఆయనకు బండే ఇల్లు.

అమెరికాలో ఇలాంటి చక్రాల ఇళ్లు తారలకీ, నాయకులకీ మాత్రమే కాదు, మామూలు సంసారులకూ ఉంటాయి. పిల్లలకు సెలవులివ్వగానే పప్పూ ఉప్పూ సర్దుకుని కొండలకీ, అడవులకీ బయల్దేరిపోతారు. వీటిని అక్కడ రిక్రియేషనల్ వెహికల్ అంటారు, క్లుప్తంగా 'ఆర్వీ'. ఇందులో రెండు రకాలు. సొంత ఇంజను ఉంటే మోటారు హోము. ఇంజను లేకుండా పికప్ ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లేదయితే ట్రెయిలరు. ఈ వారం మనం చెప్పుకునేది రెండో రకం గురించి. అందులోనూ బాగా పెద్దవాటి గురించి.

'అమెరికా బండి సంగతి మాకెందుకమ్మా?' అనకండి. మీ అమ్మాయో, అబ్బాయో అక్కడుంటే రేపు మీకే ఈ ఫోను రావచ్చు. ఎలాగంటారా?

మీ అమ్మాయీ అల్లుడూ టెక్సాస్‌లో ఉన్నారనుకోండి. వేసవికి మీరూ, మీవారూ వెళ్తున్నారు. మిమ్మల్ని నాలుగు ఊళ్లు తిప్పాలని పిల్లల ఆరాటం. హోటళ్లలో దిగితే మీకు తిండి ఇబ్బంది. అందుకని ఓ ట్రెయిలరు చూశారు. నలభై అడుగుల పొడవు. ముందు భాగంలో వంటిల్లు, మంచాలు, బాత్రూము. వెనక సగమంతా ఖాళీ. ఇదివరకు ఎవరో పందెం కార్లు మోసుకెళ్లడానికి వాడారట. కొత్త ఆర్వీ ధరలో సగానికే వస్తోంది. "రేపే అడ్వాన్సు ఇచ్చేస్తున్నామమ్మా!" అని అమ్మాయి సంబరంగా ఫోను చేసింది.

అప్పుడు మీరు అడగాల్సిన ప్రశ్న ఒక్కటే. "బాగానే ఉంది తల్లీ, ఆ బండి కాగితంలో ఏమని రాసి ఉంది?"

ఈ ఒక్క ప్రశ్న అడగకుండా డబ్బు కట్టినందుకు తరవాత లైసెన్సు దగ్గర, ఇన్సూరెన్సు దగ్గర, బ్యాంకు దగ్గర చిక్కులు మొదలవుతాయి. లోపల ఎంత ముచ్చటైన వంటిల్లున్నా కాగితం మీద 'సరుకు ట్రెయిలరు' అని ఉంటే ప్రభుత్వం దృష్టిలో అది సరుకు బండే!

ఇల్లో, సరుకు బండో తేల్చేదెవరు?

అమెరికా కేంద్ర ప్రభుత్వపు వాహన భద్రతా నిబంధనల్లో ఆర్వీ ట్రెయిలరు అంటే ఏమిటో స్పష్టంగా రాసి ఉంది. ఆరు సౌకర్యాల జాబితా ఇచ్చి, వాటిలో కనీసం నాలుగు ఉండాలన్నారు. అవేమిటంటే:

1. వంట చేసుకునే ఏర్పాటు.
2. ఫ్రిజ్.
3. ఆ బండికే సొంతమైన బాత్రూము.
4. హీటరు గానీ, ఏసీ గానీ, రెండూ గానీ.
5. కుళాయి, సింకుతో సహా మంచినీటి ఏర్పాటు.
6. 110 నుంచి 125 వోల్టుల కరెంటు సరఫరా గానీ, ఎల్పీ గ్యాసు గానీ, రెండూ గానీ.

చూశారా? ఆరింట్లో మొదటి స్థానం వంటదే! విచిత్రమేమిటంటే మంచం మాట ఈ జాబితాలో ఎక్కడా లేదు.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. 'ముఖ్యంగా సరుకు మోయడానికి తయారుచేసిన ట్రెయిలరు' ఈ నిర్వచనంలోకి రాదు. ఆరు సౌకర్యాలూ ఉన్నా సరే! మరి వెనక గది ఉన్నవన్నీ సరుకు బండ్లేనా అంటే, కాదు. మోటారు సైకిళ్లు, సైకిళ్లు, చిన్న పడవలు లాంటి సొంత సరదా సామాను పెట్టుకునే గది ఉండి, మనుషులు ఉండే భాగం విశాలంగా ఉన్న బండ్లను ఆర్వీలుగానే ఒప్పుకున్నారు. వాడుకలో వీటిని 'టాయ్ హాలర్' అంటారు. అసలు పేచీ వచ్చేది మధ్యరకం బండ్లతోనే. గుర్రాలను తీసుకెళ్లే ట్రెయిలరు ముందు భాగంలో ఓ చిన్న ఇల్లు ఉంటుంది. పందెం కార్ల ట్రెయిలరూ అంతే. అది ఇల్లా, సరుకు బండా అన్నది చూసేవారిని బట్టీ, రాష్ట్రాన్ని బట్టీ మారిపోతుంది.

ఎందుకంటే పైన చెప్పిన నిర్వచనం తయారీదారుల కోసం. రిజిస్ట్రేషను చేసేది మాత్రం రాష్ట్రాలు. ఏ రాష్ట్రం పద్ధతి దానిది, పేర్లు కూడా వేరే. ఒకచోట ట్రావెల్ ట్రెయిలరు, ఇంకోచోట హౌస్ ట్రెయిలరు, కాలిఫోర్నియాలో ట్రెయిలర్ కోచ్. పక్క రాష్ట్రంలో స్నేహితులకు జరిగిన పని మనకూ అలాగే జరుగుతుందనుకోవడం పొరపాటు.

పేరు మారితే ఏం మారుతుంది?

లైసెన్సు: ముందుగా బరువు లెక్క తెలుసుకోవాలి. ప్రతి ట్రెయిలరు మీదా, ప్రతి ట్రక్కు మీదా తయారీదారు అతికించిన చీటీ ఉంటుంది. దాని మీద 'జీవీడబ్ల్యూఆర్' అనే అంకె ఉంటుంది. సామానుతో సహా ఆ బండి మించకూడని బరువది. ట్రెయిలరుది 18,000 పౌండ్లు, లాగే పికప్‌ది 12,000 పౌండ్లు అనుకోండి. రెండూ కలిపితే 30,000 పౌండ్లు, అంటే దాదాపు 13,600 కిలోలు. కలిపిన అంకె 26,001 పౌండ్లు గానీ ఆపైన గానీ ఉండి, ట్రెయిలరు ఒక్కటే 10,000 దాటితే, వ్యాపారానికి వాడే బండి అయినపక్షంలో కమర్షియల్ లైసెన్సు, అందులోనూ క్లాస్ ఎ తప్పనిసరి. సొంత విహారానికి వాడే ఆర్వీ అయితే ఆ కమర్షియల్ లైసెన్సు అక్కర్లేదు. కానీ మామూలు కారు లైసెన్సు సరిపోతుందని సంబరపడకండి. టెక్సాస్‌లో ఇంత బరువుకు కమర్షియల్ కాని క్లాస్ ఎ లైసెన్సు తీసుకోవాలి. కాలిఫోర్నియాలో ట్రావెల్ ట్రెయిలరు 10,000 పౌండ్లు దాటినా, ట్రక్కు తొట్టిలో కొక్కెం తగిలించే ఫిఫ్త్ వీల్ రకం 15,000 పౌండ్లు దాటినా అదే రకం లైసెన్సు కావాలి. అల్లుడు పదేళ్లుగా కారు నడుపుతున్నాడన్నది ఇక్కడ లెక్కలోకి రాదు సుమా!

ఇన్సూరెన్సు: సరుకు ట్రెయిలరుకు రాసిన పాలసీలో మంచాలు, స్టవ్వు, ఫ్రిజ్, మీ పెట్టెల్లోని సామాను లెక్కలోకి రాకపోవచ్చు. రాత్రిళ్లు మనుషులు పడుకునే బండి అన్న విషయం కంపెనీకి చెప్పకుండా దాచారో, రేపు గ్యాసు ప్రమాదం జరిగితే క్లెయిము తిరగ్గొట్టడానికి వాళ్లకు అదే సాకు. పాలసీలో బండి వర్ణన, రిజిస్ట్రేషనులో వర్ణన, మీ వాడకం మూడూ ఒక్కటిగా ఉండాలి.

అప్పు: ఆర్వీలకు ఇచ్చే అప్పు వేరు, సరుకు ట్రెయిలరుకు ఇచ్చే అప్పు వేరు. ఆర్వీకయితే ఎక్కువ ఏళ్ల వాయిదాలు దొరుకుతాయి. కాగితంలో ఆర్వీ అని లేకపోతే ఆ అప్పు ఇవ్వడానికి చాలా బ్యాంకులు ఒప్పుకోవు.

ఆదాయపు పన్ను: ఇది చాలామందికి తెలియని సంగతి. అమెరికా ఆదాయపు పన్ను శాఖ లెక్కలో పడుకునే చోటు, వంట చేసుకునే చోటు, టాయిలెట్టు మూడూ ఉంటే ట్రెయిలరు కూడా 'ఇల్లే'. దాన్ని రెండో ఇల్లుగా చూపించి, దాని తాకట్టు మీద తీసుకున్న అప్పు వడ్డీని మినహాయింపు అడగవచ్చు. అయితే ఖర్చులన్నీ విడివిడిగా చూపించి పన్ను కట్టేవారికే ఇది వర్తిస్తుంది. అందరికీ ఇచ్చే స్థిరమైన మినహాయింపు తీసుకునేవారికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు. దాన్ని అద్దెకిస్తే ఏడాదిలో 14 రోజులు గానీ, అద్దెకిచ్చిన రోజుల్లో పదో వంతు గానీ, వీటిలో ఏది ఎక్కువైతే అంతకు మించి సొంతానికి వాడి ఉండాలి. పన్నుల లెక్క చూసేవారిని ముందే అడగడం మంచిది.

ఏటా కట్టే ఫీజు: ఆర్వీ అని రాయిస్తే అన్నీ లాభాలే అనుకోకండి. కాలిఫోర్నియాలో 2001 చివరినుంచి మామూలు సరుకు ట్రెయిలర్లకు శాశ్వత నంబరు ప్లేటు పద్ధతి పెట్టారు. వాటికి ఏటేటా రిజిస్ట్రేషను బాధ లేదు. ట్రెయిలర్ కోచ్‌లు మాత్రం అందులోకి రావు. ఏటా బండి విలువను బట్టి కట్టుకోవాల్సిందే. అందుకే కొందరు ఇంటిని కూడా సరుకు బండి అని రాయించి ఫీజు మిగిల్చుకుందామని చూస్తారు. అలా మిగిలే డబ్బు కాస్తంత. ప్రమాదం జరిగితే పోయేది కొండంత.

అడ్వాన్సు ఇచ్చేముందు నాలుగు చూపులు

ఒకటి, బండి బయట ఎడమవైపు ముందు భాగంలో అతికించిన చీటీ. తయారీదారు పేరు, తయారైన నెలా సంవత్సరం, 17 అక్షరాలూ అంకెలూ కలిసిన విన్ నంబరు, ఇందాక చెప్పుకున్న బరువు అంకె అందులో ఉంటాయి. చీటీ చిరిగిపోయినా, అంకెలు చెరిపినట్టున్నా ఆ బేరం వదిలెయ్యండి.

రెండు, తలుపు పక్కన ఆర్వీ పరిశ్రమ సంఘం ముద్ర. ఆర్వీఐఏ అనే ఈ సంఘం ముద్ర ఉందంటే కరెంటు, గ్యాసు, నీటి గొట్టాలు, అగ్ని భద్రత విషయాల్లో ఎన్ఎఫ్‌పీఏ 1192 అనే ప్రమాణం ప్రకారం కట్టామని తయారీదారు హామీ ఇచ్చినట్టు. అప్పిచ్చేవాళ్లలోనూ, ఆర్వీ పార్కుల వాళ్లలోనూ కొందరు ఈ ముద్ర ఉందా అని అడుగుతారు. సరుకు బండిలో తరవాత ఇల్లు కట్టించినవాటికి ఇది ఉండదు.

మూడు, యాజమాన్య పత్రం. పాత బండికి దీన్ని టైటిల్ అంటారు. కొత్తదానికి తయారీదారు ఇచ్చే మూలపత్రం ఉంటుంది. ఇందులో 'బాడీ టైపు' అన్న చోట ఏం రాసి ఉందో చూడాలి. మన కథంతా ఈ రెండు మాటల దగ్గరే ఉంది! ఈ కాగితం మీద విన్ నంబరు, బండి మీది విన్ నంబరు అక్షరం అక్షరం పోల్చి చూడండి. పాత అప్పు తీరిందా లేదా అన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి.

నాలుగు, అసలు బరువు. హైవేల పక్కన ట్రక్కులు ఆగేచోట తూకాలుంటాయి. అక్కడ తూయించి చీటీ తీసుకోవాలి. నీళ్ల ట్యాంకు బరువు చాలామంది మర్చిపోతారు. ఒక గ్యాలను నీళ్లు 8.3 పౌండ్లు పైనే. 60 గ్యాలన్ల ట్యాంకు నింపితే 500 పౌండ్లు, అంటే రెండు క్వింటాళ్ల పైమాట! దానిమీద మన బియ్యం బస్తా, పప్పుల డబ్బాలు, ఇనప పెనాలు. అందుకే ఖాళీ బండి బరువు చూసి ధైర్యపడకూడదు.

రిజిస్ట్రేషను ఆఫీసులో

కాలిఫోర్నియాలో ఈ పని డీఎంవీ ఆఫీసులో జరుగుతుంది. టెక్సాస్‌లో కౌంటీ పన్నుల ఆఫీసుకు వెళ్లాలి. మొదటినుంచీ ఆర్వీగా తయారైన బండి అయితే పెద్ద ఇబ్బంది ఉండదు. మూలపత్రం లేదా టైటిల్, అమ్మకపు రసీదు, మనిషి గుర్తింపు, దరఖాస్తు, అమ్మకపు పన్ను, ఫీజు. కొన్నిచోట్ల తూకం చీటీ, విన్ నంబరు తనిఖీ కూడా అడుగుతారు.

కాగితంలో సరుకు ట్రెయిలరు అనో, గుర్రాల ట్రెయిలరు అనో ఉండి, దాన్ని ఆర్వీగా మార్పించుకోవాలంటే మాత్రం ఓపిక కావాలి. ఈ వరసలో చేస్తే తిప్పలు తగ్గుతాయి.

ముందు ఆఫీసుకు వెళ్లి లేదా ఉత్తరం రాసి, ఏ ఫారం కావాలి, ఎవరు తనిఖీ చేస్తారు, మీ రాష్ట్రంలో ఆర్వీకి ఏయే సౌకర్యాలు తప్పనిసరి అన్నవి అడగండి. జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. కౌంటరులో ఒకరోజు ఒకరు చెప్పిన మాట, మర్నాడు ఇంకొకరు కాదనవచ్చు. చేతిలో కాగితముంటే మీ మాట నిలబడుతుంది.

తరవాత ఫోటోలు. స్టవ్వు, సింకు, ఫ్రిజ్, బాత్రూము, మంచాలు, కరెంటు పెట్టె, గ్యాసు సిలిండరు బిగించిన చోటు, బండి నాలుగు వైపులా విడివిడిగా తీయించండి. వాటన్నిటినీ అక్కడే స్థిరంగా బిగించారని తెలియాలి. తీసి పక్కన పెట్టగలిగే క్యాంపింగు స్టవ్వును చూపించి వంటిల్లు అంటే ఒప్పుకోకపోవచ్చు.

ఆపైన రసీదులు. కొన్న ప్రతి వస్తువు రసీదూ, పని చేసిన ఎలక్ట్రీషియన్, గ్యాసు పనివాడు ఇచ్చిన బిల్లులూ ఒక ఫైలులో పెట్టండి. చీరల బిల్లుల్లా పర్సులో కుక్కితే పనికిరావు!

తనిఖీ అయ్యి కొత్త టైటిల్ చేతికొచ్చాక అందులోని మాట ఆఫీసు గుమ్మం దిగకముందే చదువుకోండి. అదే కాగితాన్ని ఇన్సూరెన్సు కంపెనీకి పంపి పాలసీని కూడా మార్పించండి. సగం మార్చి సగం వదిలేస్తే మొదటికే మోసం.

ఇదంతా అయ్యాక కూడా ఒక సంగతి గుర్తుండాలి. ఆర్వీ అంటే తాత్కాలికంగా ఉండే ఇల్లు. ఏడాదంతా కాపురముండే ఇంటికి కేంద్ర గృహ శాఖ నిబంధనలు వేరే ఉన్నాయి. చాలా ఊళ్లలో ఇంటి పెరట్లో ట్రెయిలరు పెట్టుకుని అందులో ఎవరినైనా ఉంచడానికి మున్సిపాలిటీ ఒప్పుకోదు. అత్తమామలకు ఆరు నెలలు అందులో బస ఏర్పాటు చేద్దామనుకునేవాళ్లు ముందే కనుక్కోవాలి.

అడ్డదారులు వద్దు

మోంటానా రాష్ట్రంలో సాధారణ అమ్మకపు పన్ను లేదు. అందుకని అక్కడ పేరుకో కంపెనీ పెట్టి, దాని పేరున బండి రిజిస్టరు చేయించమని సలహా ఇచ్చేవారుంటారు. మీరు ఉండేదీ, బండి తిరిగేదీ ఇంకో రాష్ట్రమైతే ఆ రాష్ట్రం పన్నుతోపాటు జరిమానా కూడా వసూలు చేయవచ్చు. బండి కంపెనీది, వాడకం మీదీ అయితే ఇన్సూరెన్సు దగ్గర మళ్లీ చిక్కే.

ఇంకో అపోహ. బండి మీద 'అద్దెకు కాదు' అని పెద్ద అక్షరాలతో రాయిస్తే చాలు, ఏ వ్యాపార నిబంధనా అంటదని కొందరి నమ్మకం. ఆ రాతకు మంత్రశక్తి ఏమీ లేదు. పోటీలకూ ప్రదర్శనలకూ కార్లనో గుర్రాలనో తీసుకెళ్లేవారి విషయంలో కేంద్ర రవాణా భద్రతా సంస్థ చూసేది వేరు. ఆ పని లాభం కోసం చేస్తున్నారా? బహుమతి సొమ్మును మామూలు ఆదాయంగా చూపించారా? ఖర్చును వ్యాపార ఖర్చుగా పన్నులో తగ్గించుకున్నారా? ఏదైనా కంపెనీ స్పాన్సరు చేస్తోందా? ఖర్చు తగ్గించుకున్నా, స్పాన్సరు ఉన్నా అది సొంత సరదా అనిపించుకోదు, వ్యాపారమే. కాబట్టి అల్లుడు ఆ వెనక గదిలో శనివారాలు స్నేహితుల సామాను మోసి నాలుగు డాలర్లు సంపాదిద్దామంటే, ఆర్వీ అన్న పేరు ఆయన్ని కాపాడదు.

బయల్దేరేముందు అమ్మలకు ఒక మాట

బండి కదులుతున్నప్పుడు లోపల మంచం మీద నడుం వాల్చుదామనుకుంటున్నారా? కుదరదు. చాలా రాష్ట్రాల్లో లాక్కెళ్లే ట్రావెల్ ట్రెయిలరులో ప్రయాణించడం నిషేధం. కాలిఫోర్నియాలో ఫిఫ్త్ వీల్ రకానికి మాత్రం కొన్ని షరతులతో అనుమతి ఉంది. చట్టం సంగతి అటుంచి, బెల్టు లేని మంచం మీద ప్రయాణం ఎవరికీ క్షేమం కాదు. ముందు ట్రక్కులోనే కూర్చోండి.

కదిలేముందు గ్యాసు సిలిండరు కట్టేయాలి. బాల్టిమోర్ హార్బర్ లాంటి కొన్ని సొరంగాల్లో గ్యాసు సిలిండర్లతో వెళ్లడానికి ఆంక్షలున్నాయి. దారి ముందే చూసుకోవాలి. లోపల పొగ, గ్యాసు లీకు, కార్బన్ మోనాక్సైడు పసిగట్టి కూసే పరికరాలు మూడూ పనిచేస్తున్నాయో లేదో బటను నొక్కి చూడండి. కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు. చలిగా ఉందని రాత్రిపూట స్టవ్వు వెలిగించి పడుకోవడం ప్రాణాంతకం. మంటలు లేస్తే తలుపు కాకుండా బయటపడే కిటికీ ఏదో పిల్లలకూ, పెద్దలకూ తెలిసి ఉండాలి.

ఇక వంట. ఇక్కడినుంచి పట్టుకెళ్లిన 230 వోల్టుల మిక్సీ అక్కడి కరెంటుకు సరిగా తిరగదు. చట్నీ పొడులు, సాంబారు పొడి ఇంట్లోనే చేసి తీసుకెళ్లండి. పార్కులో 30 ఆంపియర్ల కనెక్షను ఇస్తే మొత్తం 3,600 వాట్లే. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవు, కరెంటు కెటిలు ఒకేసారి పెట్టారో, ఠక్కున కరెంటు పోతుంది. ఒకటి అయ్యాక ఒకటి వాడుకోండి. సింకు నీళ్లు కూడా ఒక ట్యాంకులోకే వెళ్తాయి. నూనె, గంజి, చింతపండు పిప్పి అందులో పోయకండి. గిన్నెలను కాగితంతో తుడిచి కడిగితే నీళ్లూ మిగులుతాయి, ట్యాంకూ వాసన కొట్టదు.

మన దగ్గరైతే?

మన దేశంలోనూ ఇప్పుడు క్యారవాన్ల సరదా పెరుగుతోంది. పాత వ్యానో, మినీ బస్సో కొని లోపల మంచం, స్టవ్వు పెట్టిస్తే చాలనుకుంటున్నారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్సీలో నమోదైన తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే మాట గట్టిగా చెప్పింది. మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రమాణం ఉంది. వాహనాల రకాల్లో సొంత వాడకానికి క్యాంపర్ వ్యాన్ లేదా ట్రెయిలరు అన్న తరగతీ విడిగా ఉంది. కాబట్టి ఇక్కడైనా పద్ధతి ఒకటే. ముందు ఆర్టీఓ ఆఫీసులో అడగండి, తరవాతే వడ్రంగిని పిలవండి.

మళ్లీ ఆ ఫోను దగ్గరికి వద్దాం. అమ్మాయి చూసిన ఆ పందెం కార్ల బండి మంచిదే కావచ్చు, ధరా కలిసిరావచ్చు. కానీ వెనక సగం సరుకు గది, కాగితం మీద సరుకు ట్రెయిలరు, తలుపు పక్కన ముద్ర లేదు, అల్లుడికి క్లాస్ ఎ లైసెన్సు లేదు. ఈ నాలుగూ తేలేదాకా అది ఇల్లు కాదు. కొనవద్దని చెప్పక్కర్లేదు. "వారం రోజులు ఆగండమ్మా, రిజిస్ట్రేషను ఆఫీసులో ఒకటికి రెండుసార్లు అడిగి కాగితం తెచ్చుకోండి" అంటే చాలు. ఆర్వీగా రాయడం కుదరదంటే అడ్వాన్సు మిగులుతుంది. కుదిరితే ఆ వంటింట్లో మొదటి రోజు పాలు పొంగించేది మీరే!

మనం సొంత ఊళ్లో ఇల్లు కొనేటప్పుడు ఏం చేస్తాం? గోడల రంగులు, వంటింటి గట్టు చూసి మురిసిపోయినా, దస్తావేజులు చూపించుకున్నాకే కదా డబ్బు కడతాం? ఇంటికి చక్రాలున్నంత మాత్రాన ఆ జాగ్రత్త వదిలేయకూడదు.